యోబు కార్డు వచ్చిన ఇల్లు

రాజులపాలెం హెబ్రోను సంఘంలో జనవరి ఒకటో తారీకంటే కార్డుల పండగ. ఆరాధన అయిపోగానే పాస్టరు అయ్యగారు వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో చిన్న చిన్న వాగ్దాన కార్డులు బోర్లించి పెడతారు. ఇంటికొకరు వరసలో వచ్చి, కళ్ళు మూసుకుని ఒకటి తీసుకుంటారు. కార్డు మీద దేవుడి మాట ఒకటి రాసి ఉంటుంది. తోడుగా ఉంటానని, గాదెలు నింపుతానని, శత్రువుల్ని తరిమేస్తానని, ఇలా ఏదో ఒకటి. దాన్ని ఇంటికి తెచ్చి అద్దం మూలకి దోపితే ఇక డిసెంబరు దాకా ఆ ఇంటికి ఢోకా లేదు. శత్రువుల్ని తరిమే కార్డు వచ్చినవాళ్ళు ఆ ఏడాదంతా పక్కింటివాళ్ళ వంక కాస్త అదోలా చూసేవాళ్ళు, అంతకుమించి ప్రమాదమేమీ జరిగేది కాదు.

దీవెనమ్మకి ఆ కార్డులంటే ప్రాణం. ఆవిడ మొగుడు కృపావరం సైకిలు షాపు పెట్టుకుని పంచర్లు వేస్తాడు. ఆవిడ గేదెపాలు పోస్తుంది. ఉన్నది ఒకటే గేదె, పేరు రాణి. అది ఆ జనవరికి ఆరు నెలల చూలుతో ఉంది. ఏప్రిల్ ఆఖరుకి ఈనుతుంది. దూడ పుట్టిన మొదటి వారం జున్ను ఎవరెవరి ఇళ్ళకి పంపాలో కూడా దీవెనమ్మ అప్పుడే లెక్క వేసిపెట్టుకుంది. ఈసారి గాదెలు నింపే కార్డు వస్తే బాగుండునని చీర కొంగు నెత్తిన కప్పుకుని వరసలో నిలబడింది.

కానీ ఆ ఏడు సంఘానికి కొత్త అధ్యక్షులు వచ్చారు. ఆనందపాల్ గారు డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళు మెమోలు ఇచ్చిన చెయ్యి. రిటైరయ్యాక మెమో ఇవ్వడానికి ఇంట్లో భార్య ఫిలోమినమ్మ గారు తప్ప ఎవరూ మిగల్లేదు, ఆవిడ పుచ్చుకోలేదు. అందుకని సంఘానికి వచ్చారు. ఇంతకీ ఆయన్ని రెచ్చగొట్టింది మాత్రం ప్రసంగాలే. ప్రతి ఆదివారం ప్రసంగం చివర అయ్యగారు మనమంతా యోసేపులాగా ఉండాలి, దానియేలులాగా ఉండాలి అని ముగిస్తారు. జనం తలలూపి ఇంటికెళ్ళి కోడికూర వండుకుంటారు. ఆచరణ మాటేమిటని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఆనందపాల్ గారు అడిగారు.

పళ్ళెం ముందు నిలబడి, గొంతు సవరించుకుని ఆయన కాగితం విప్పారు.

"సంఘస్థులకు తెలియజేయునది ఏమనగా, ఇన్నేళ్ళుగా ఈ సంఘమందు వాగ్దానముల పంపిణీ ఏకపక్షముగా జరుగుచున్నది. ఇచ్చుట యావత్తూ దేవుని వంతు, పుచ్చుకొనుట యావత్తూ మన వంతు. ఇది పరిపాలనా సూత్రములకు విరుద్ధము. కావున ఈ సంవత్సరము మొదలుకొని వాగ్దానముల స్థానే బైబిలు పాత్రలు పంపిణీ చేయబడును. ఏ కుటుంబమునకు ఏ పాత్ర వచ్చునో, ఆ కుటుంబము ఆ పాత్ర యొక్క జీవితమును మొదటి మాట నుండి కడపటి మాట వరకు ఆచరించి, మూడు మాసములకొక పర్యాయము నివేదిక దాఖలు చేయవలెను. ఆచరణ లోపించినవారికి ప్రభు బల్ల నిలుపుదల చేయబడును."

బల్ల అంటే నెలకోసారి మొదటి ఆదివారం అయ్యగారు ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం. దాన్ని ఆపడమంటే పదిమందిలో తల కొట్టేసినట్టే. కృపావరం ముఖం పాలిపోయింది. ఆయన ముప్ఫై ఏళ్ళలో ఒక్క బల్ల ఆదివారం తప్పలేదు. ఒకసారి నూటమూడు జ్వరంతో వచ్చి, రొట్టె తీసుకుని, అక్కడే పడిపోయాడు.

"నువ్వే తియ్యి దీవెనా, నీ చెయ్యి మంచిది" అన్నాడు కృపావరం.

దీవెనమ్మ కళ్ళు మూసుకుని తీసింది. తెరిచి చూస్తే 'యోబు'. వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళు ఒక్కసారి నాలుకలు చప్పరించారు. మంచివాడై ఉండి కూడా ఆస్తీ పోయి, పిల్లలూ పోయి, ఒళ్ళంతా కురుపులు లేచి, బూడిదలో కూచున్న మనిషి యోబు. అద్దానికి దోపుకునే పేరు కాదు.

"ఇది లోపల పెట్టేసి ఇంకోటి తీసుకుంటానండి" అంది దీవెనమ్మ.

"మార్పిడికి నిబంధనలు అంగీకరించవు" అన్నారు కమిటీ కార్యదర్శి సుందరరావు మాస్టారు, రిజిస్టరులో రాసుకుంటూ.

జనవరి, ఫిబ్రవరి వేడుకగానే గడిచాయి. దర్జీ ఇంటికి నోవహు వచ్చాడు. ఆయన వీధికి అడ్డంగా చెక్కలు పేర్చి ఓడ మొదలుపెట్టాడు, పంచాయతీవాళ్ళు వచ్చి వర్షాకాలం లోపల తీసెయ్యమన్నారు. నూట పది కేజీల చికెన్ షాపు ఓనరుకి జక్కయ్య వచ్చాడు. యేసుని చూడ్డానికి మేడిచెట్టెక్కినవాడు, కాబట్టి ఎక్కాలి. ఎక్కాడు కూడా, దింపడానికే కరెంటువాళ్ళ నిచ్చెన తేవలసి వచ్చింది. చేప మింగిన యోనా వచ్చినాయన దేవుడి దగ్గర్నుంచి పారిపోవాలి కాబట్టి నెల్లూరులో బావమరిది ఇంటికి పారిపోయి, అక్కణ్ణించే చేపల పులుసు ఫొటోలతో నివేదిక పంపాడు. ఎనభై ఏళ్ళ మరియమ్మవ్వకి తొమ్మిదివందల అరవై తొమ్మిదేళ్ళు బతికిన మెతూషెల వచ్చాడు. ఆవిడ ఒక్కతే పథకాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంది. ఇక ఎవరినీ మాట్లాడనివ్వని పాటల మాస్టారికి జెకర్యా వచ్చాడు, దేవదూత మాట నమ్మనందుకు నోరు పడిపోయినవాడు. ఆ రెండు నెలలూ సంఘంలో అంత శాంతి ఎప్పుడూ లేదని అందరూ అనుకున్నారు.

కృపావరం మాత్రం క్షేమంగా ఉన్నాడు. అదే వచ్చింది చిక్కు.

మార్చి ఆఖర్న ఫారం నింపాలి. 'పాత్రకు సంభవించిన నష్టములు' అన్న గడిలో కృపావరం గుండ్రంగా 'దేవుని దయవల్ల ఏమీ లేవు' అని రాసి ఇచ్చాడు. నాలుగో రోజున మెమో వచ్చింది. "మీ నివేదిక పరిశీలించడమైనది. యోబు పాత్రధారి మూడు మాసములుగా క్షేమముగా ఉండుట తీవ్రముగా పరిగణించబడుచున్నది. మీరు ఏ కారణముచేత క్షేమముగా ఉన్నారో ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

దీవెనమ్మ ఆ కాగితం పట్టుకుని అయ్యగారి దగ్గరికి పరిగెత్తింది. ఆయన మంచివాడు, మెత్తనివాడు, మూడేళ్ళకొకసారి బదిలీ అయ్యే మనిషి. కాగితం రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నన్నేం చెయ్యమంటావమ్మా. నాకూ ఒక పాత్ర వచ్చింది. మోషే. నలభై ఏళ్ళు అరణ్యంలో అన్నచోటికి కమిటీవాళ్ళు వచ్చేలోగా బదిలీ వస్తే బాగుండునని నేనే ప్రార్థన చేసుకుంటున్నా."

మరుసటి సోమవారం కమిటీ ఇంటికి వచ్చింది. ఆనందపాల్ గారు, సుందరరావు మాస్టారు, ఇన్సూరెన్సు ఏజెంటు ప్రేమ్‌కుమార్, రిటైరైన కాంపౌండరు దేవవరం. కుర్చీలు రెండే ఉంటే మిగతావాళ్ళని మంచం మీద కూచోబెట్టి దీవెనమ్మ అందరికీ చిక్కటి కాఫీ ఇచ్చింది. తాగారు. బాగుందన్నారు. తర్వాత సుందరరావు మాస్టారు బైబిలు తెరిచారు.

"యోబుకు ఏడువేల గొర్రెలు, మూడువేల ఒంటెలు, ఐదువందల జతల ఎడ్లు, ఐదువందల ఆడగాడిదలు. అన్నియు పోయినవి. మీకు ఏమున్నవి?"

"ఒక గేదె ఉందండి" అన్నాడు కృపావరం, చేతులు కట్టుకుని.

"నిష్పత్తి ప్రకారం గేదె వచ్చును" అన్నారు మాస్టారు.

దీవెనమ్మకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఖాళీ గ్లాసులు అక్కడే పెట్టేసి ముందుకొచ్చింది. "ఎక్కడికొచ్చుద్దండీ? అది నిండు చూలాలు. ఇంకో ఇరవై రోజుల్లో ఈనుద్ది. చెయ్యి మారితే పాలు కూడా చేపదది."

"శాశ్వతముగా కాదమ్మా" అన్నారు ఆనందపాల్ గారు, ఎంతో దయగా. "పాత్ర పూర్తగు పర్యంతము కమిటీవారి స్వాధీనములో ఉండును. మా ఇంట పెద్ద కొట్టము ఖాళీగా ఉన్నది. వ్యక్తిగత అసౌకర్యమునకు ఓర్చి నేనే ఉంచుకొందును."

"మరి పిల్లలండి? యోబుకి పిల్లలు కూడా పోయారుగా" అన్నాడు ప్రేమ్‌కుమార్. ఆయనకి వివరాలంటే ఇష్టం.

వీళ్ళకి పిల్లలు లేరని దేవవరం మెల్లిగా చెప్పాడు. "అయితే ఆ గడి వర్తించదు" అని మాస్టారు ఒక గీత గీసేశారు. దీవెనమ్మ వంక చూడకుండానే గీశారు.

దీవెనమ్మకి ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయేసరికి కృపావరం చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. "తోలుకుపోనియ్యవే" అన్నాడు, తల దించుకుని. "మొదటాదివారం అందరూ లేచి ముందుకెళ్తా ఉంటే నేను బెంచీలో ఎట్టా కూచోను? నావల్ల కాదు. నాకున్నది అదొక్కటే." ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి ఆవిడ కొట్టంలోకి నడిచింది. గుంజకి కట్టిన రాణి పలుపు తనే విప్పి ఇచ్చింది. ఆ గేదె వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే వెళ్ళింది.

ఇక కురుపుల విషయం. ఏప్రిల్ ఎండలకి కృపావరం వీపంతా చెమటకాయలు పేలి ఉన్నాయి. దేవవరం కళ్ళజోడు పెట్టుకుని పరీక్షించి 'చెమటకాయలే గాని, కురుపులుగా పరిగణించవచ్చు' అని సర్టిఫికెట్ రాసిచ్చాడు. కాలికి కూడా ఉన్నాయా అని అధ్యక్షులు అడిగారు. కాలికి బొబ్బ ఉంది, చెప్పు కరిచింది. అది కూడా కలిపారు. యోబు బూడిదలో కూచుని పెంకుతో గోక్కున్నాడు కాబట్టి, సైకిలు షాపు ముందు రెండు గంపల బూడిద పోయించి, ఒక కుండపెంకు మంజూరు చేశారు. జనం సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చేవాళ్ళు, కృపావరం బూడిదలో కూచునే పంచరు వేసి ఇచ్చేవాడు. బేరం తగ్గలేదు సరికదా, చూడ్డానికి వచ్చి గాలి కొట్టించుకున్నవాళ్ళతో కాస్త పెరిగింది. ఈ సంగతి కమిటీకి తెలియకుండా దీవెనమ్మ జాగ్రత్తపడింది.

మర్నాడు మాస్టారు ఒక టైపు కాగితం తెచ్చి దీవెనమ్మ చేతిలో పెట్టారు. యోబు భార్య అనవలసిన మాట. దేవుణ్ణి తిట్టి చచ్చిపోవయ్యా అని మొగుడికి చెప్పే మాట. ఇద్దరు సాక్షుల ఎదుట అనాలి, కింద వేలిముద్ర వెయ్యాలి.

"నాకు సంతకం వచ్చండి" అంది దీవెనమ్మ. కాగితం చదువుకుంది. "ఇంత పెద్ద పుస్తకంలో ఆవిడకి ఇచ్చింది ఈ ఒక్క మాటేనా మాస్టారూ?"

"ఒక్కటే. అందుచేత మీకు శ్రమ తక్కువ."

"ఆవిడ గొడ్డూ గోదా పోయాయి, పిల్లలు పోయారు, మొగుడు బూడిదలో పడ్డాడు. ఆవిడ వంట ఎట్టా చేసిందో, ఎవురి దగ్గర ఏడ్చిందో రాయలేదు. ఇదొక్కటీ రాశారు." కాగితం మడిచి తిరిగిచ్చేసింది. "నేను తిట్టను. దేవుడు నా గేదెని తోలుకుపోలా. తోలుకుపోయినోళ్ళని తిట్టమంటే చెప్పండి, కాగితం అక్కర్లేదు."

'పాత్రధారి భార్య సహకరించలేదు' అని రిజిస్టరులో ఎక్కింది.

గేదె లేకపోయేసరికి మధ్యాహ్నాలు ఆవిడకి చెయ్యడానికి పని లేకుండా పోయింది. కోపంతో బైబిలు తీసి, ఆ పుస్తకంలో ఇంకా ఏమేం రాసి ఉందో చూద్దామని యోబు మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. ఒక సంగతి చెప్పాలి. యోబు పుస్తకం అందరికీ తెలుసు. మొదటి రెండు అధ్యాయాలు అందరికీ తెలుసు, చివర అన్నీ రెండింతలు తిరిగొచ్చాయని అందరికీ తెలుసు. మధ్యలో ఏముందో, చివర ఆ రెండింతలకి ముందు ఏం జరిగిందో రాజులపాలెంలో చదివినవాళ్ళు లేరు. కమిటీవాళ్ళు కూడా పైపై శీర్షికలు చూసి వదిలేసినవాళ్ళే. దీవెనమ్మ రోజుకి మూడు అధ్యాయాల లెక్కన పెట్టుకుంది.

ఆ తర్వాతి ఆదివారం ముగ్గురు స్నేహితులు వచ్చారు. యోబుకి ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నోరు మెదపకుండా పక్కన కూచున్నారట. కాబట్టి మాస్టారు, ప్రేమ్‌కుమార్, దేవవరం చాపలు, చెంబులు పట్టుకుని దిగారు. బూడిద పక్కన చాపలు పరుచుకుని పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా కూచునేవాళ్ళు. మాట్లాడకూడదు గాని తినకూడదని ఎక్కడా రాసి లేదు. ముగ్గురికీ టిఫినూ భోజనమూ దీవెనమ్మ వండి పెట్టాలి. మొదటి రోజు కాఫీ కావాలని సైగ చేశారు. నల్లటి డికాషను ఇచ్చింది. పాలేవని సైగ చేశారు. ఆవిడ అధ్యక్షులవారి ఇంటివైపు వేలు చూపించింది. ముగ్గురూ తలలు దించుకుని తాగారు.

ఐదో రోజు పొద్దున వీధిలో కబురొచ్చింది. రాణి తెల్లవారుజామున అధ్యక్షులవారి కొట్టంలో ఈనిందట, ఆడదూడట. దీవెనమ్మ చేతిలో గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తింది. గేటు దగ్గర ఆనందపాల్ గారు అడ్డంగా నిలబడ్డారు. "నష్టపోయిన ఆస్తిని యోబు కుటుంబము సందర్శించినట్లు గ్రంథమందు ఎచ్చటను లేదు" అన్నారు. లోపల్నుంచి రాణి ఆవిడ గొంతు గుర్తుపట్టి అరుస్తోంది. వంటింట్లోంచి జున్ను ఉడుకుతున్న వాసన వస్తోంది.

తిరిగొచ్చి ఖాళీ కొట్టంలో కూలబడి దీవెనమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. పదేళ్ళకి దొరికిన బిడ్డలాంటి దూడ, పుట్టగానే దాన్ని నిమరలేకపోయింది, మాయ పడిందో లేదో చూడలేకపోయింది. ఎంతసేపు ఏడ్చిందో తెలియదు. తలెత్తేసరికి దేవవరం కుళాయి దగ్గర రెండు బిందెలు నింపి మోసుకొస్తున్నాడు. సుందరరావు మాస్టారు పంచె ఎగ్గట్టి వాకిలి ఊడుస్తున్నారు. అందరి చావుకీ లెక్కలు చెప్పే ప్రేమ్‌కుమార్ వంటింటి గడప మీద కూచుని, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. ఆ పూట ఆ ముగ్గురి మీదా దీవెనమ్మకి కోపం రాలేదు.

కానీ ఏడు రోజులు అయిపోయాయి. ఎనిమిదో రోజు పొద్దున మాస్టారు గొంతు సవరించుకున్నారు. గ్రంథం ప్రకారం స్నేహితులు ఇప్పుడు మాట్లాడాలి. ఎందుకిలా అయిందో యోబుకి వివరించాలి.

"కృపావరం గారూ, కారణము లేకుండా గేదె పోదు" అన్నారు మాస్టారు. "మీలో ఏదో లోపము ఉండి ఉండును. బాగా జ్ఞాపకము చేసుకొనుడు."

"గేదె మీరే తోలుకెళ్ళారు గదండీ" అన్నాడు కృపావరం అయోమయంగా.

"తోలుకెళ్ళింది మేమే. తోలుకెళ్ళవలసిన పరిస్థితి ఎందుకొచ్చిందీ అన్నది ప్రశ్న" అన్నాడు ప్రేమ్‌కుమార్. "నలభై అయిదేళ్ళకే పాలసీ తీసుకోమన్నాను, తీసుకున్నారా?"

దేవవరం తన వంతు రాగానే కాసేపు తటపటాయించి, చెమటకాయలు కూడా ఊరికే రావని అన్నాడు. శనివారం దాకా ఇదే వరస. ఒకరి తర్వాత ఒకరు, మూడు విడతలు. కృపావరం మొదట్లో జవాబిచ్చాడు. గురువారానికి తనే ఏదో తప్పు చేసి ఉంటానని అనుకోవడం మొదలుపెట్టాడు. శుక్రవారం రాత్రి అన్నం దగ్గర "దీవెనా, నేనేం చేశానంటావు?" అని అడిగాడు. గేదె పోతే పోయింది, మనిషిని కూడా తోలుకుపోతున్నారని భయం పట్టుకుంది. ఆ రోజే ఆవిడ చివరి అధ్యాయం చదివింది. రెండోసారి కూడా చదివింది.

మే నెల మొదటి ఆదివారం. బల్ల ఆదివారం. దేవుడు సుడిగాలిలోంచి యోబుతో మాట్లాడిన ఘట్టం అదే రోజున జరగాలని కమిటీ నిశ్చయించింది. సుడిగాలికి కల్యాణమండపం నుంచి ఆరడుగుల ఫ్యాను అద్దెకి తెచ్చారు. దేవుడి స్వరం ఎవరిదన్న చర్చ రాలేదు, ఆనందపాల్ గారు మైకు చేతిలోనే పట్టుకుని వచ్చారు. 'మైకునందు వినబడు స్వరము దైవస్వరముగా పరిగణించబడును. దానిపై అప్పీలు లేదు' అని ముందురోజే నలభై ఒకటో తీర్మానం నెగ్గింది. మైకు గుడి మీదున్న బాకాకి కూడా కలిపారు, పేటంతా వినాలని.

ఫ్యాను వేశారు. పాటల పుస్తకాలు ఎగిరిపోయాయి, ఆడవాళ్ళ ముసుగులు ఎగిరిపోయాయి. ఆనందపాల్ గారు బల్ల పక్కన కట్టిన తెర వెనక నిలబడి మొదలుపెట్టారు. నిజం చెప్పాలంటే గొంతు అదిరింది. భూమికి పునాది వేసిన రోజున నువ్వెక్కడున్నావని అడిగారు. సముద్రానికి తలుపులు ఎవరు పెట్టారని అడిగారు. కొండమేకలు ఈనే కాలం నీకు తెలుసా అని అడిగారు.

"గేదె ఈనే కాలం తెలుసు" అని గొణిగింది దీవెనమ్మ.

ముందు వరసలో ముగ్గురు స్నేహితులు, వాళ్ళ ఎదురుగా కృపావరం, ఒంటిమీద బూడిదతో. నాలుగు అధ్యాయాలు అయ్యాయి. ఆనందపాల్ గారు ఆగారు. ఇక కృపావరం తప్పు ఒప్పుకోవాలి, అయ్యగారు బల్ల మొదలుపెట్టాలి, ఫైలు మూసెయ్యాలి. అదీ కార్యక్రమం.

దీవెనమ్మ లేచి నిలబడింది.

"అధ్యక్షులుగారూ, చివరి అధ్యాయం కూడా తమరే చదవాలండి. కడపటి మాట దాకా ఆచరించాలని తమరే చెప్పారు. ఆ మాటలు తమరి గొంతులో వినాలనుంది మాకు."

సంఘమంతా ఔనంది. గొంతు గురించి ఎవరైనా అడిగితే కాదనే అలవాటు ఆనందపాల్ గారికి లేదు. పేజీ తిప్పి, ఇంకా పెద్ద గొంతుతో అందుకున్నారు. యోబు ఒప్పుకున్నాడని చదివారు. ఆ తర్వాత దేవుడు ఆ స్నేహితులతో, నా కోపం మీ ముగ్గురి మీద మండుతోంది, నా సేవకుడు యోబు పలికినట్టు మీరు నా గురించి సరైనది పలకలేదు అన్నాడని పేటంతా మారుమోగేలా చదివారు. చదివాక గాని ఏం చదివారో ఆయనకి తెలియలేదు. బాకా ఆగిపోయింది.

ముందు వరసలో ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు.

"కానివ్వండి" అంది దీవెనమ్మ. "దేవుడు మధ్యలో ఆగలేదు."

ఆయన ఆగడానికి వీల్లేదు. పేటంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడి ఉంది. బొంగురుపోయిన గొంతుతో మిగిలింది చదివారు. ఆ ముగ్గురూ ఏడు ఎడ్లను, ఏడు పొట్టేళ్ళను తీసుకుని యోబు దగ్గరికి వెళ్ళాలి. యోబు వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యాలి. అతని ప్రార్థన విని, మీ తెలివితక్కువతనానికి తగ్గ శిక్ష మీకు వెయ్యను అని దేవుడన్నాడు.

"ఇది... ఇది సవరణకు అర్హమైన అంశము" అన్నారు సుందరరావు మాస్టారు లేచి. "ఎడ్ల స్థానే కోళ్ళు అని చదువుకొనవచ్చును."

అప్పుడు అయ్యగారు నోరు విప్పారు. కమిటీ ఎదుట నాలుగు నెలల్లో అదే మొదటిసారి. "దైవస్వరం మీద అప్పీలు లేదని మీరే తీర్మానించారు మాస్టారూ. నేను సంతకం కూడా పెట్టాను."

పద్నాలుగు పశువులు ఎక్కణ్ణించి వస్తాయని ప్రేమ్‌కుమార్ తల పట్టుకున్నాడు. అరగంట తర్జనభర్జన జరిగింది. చివరికి దీవెనమ్మే తేల్చేసింది. "ఎడ్లు మాకెందుకండీ, కట్టెయ్యడానికి చోటు కూడా లేదు. నా గేదెనీ, దాని దూడనీ తోలుకురండి. అది చాలు."

ఫిలోమినమ్మ గారు కమిటీ కోసం ఆగలేదు. తనే ఇంటికెళ్ళి, మొగుడి వంక చూడకుండా, రాణిని, దూడని గుడి వాకిట్లోకి తోలుకొచ్చింది. దీవెనమ్మ గుడి మెట్లు దిగి రాణి మెడ కౌగిలించుకుని అక్కడే నిలబడిపోయింది. దూడ ఆవిడ కొంగు నమలడం మొదలుపెట్టింది. సుందరరావు మాస్టారు గబగబా రిజిస్టరు తెరిచి 'ఒకటి పోయినది, రెండు వచ్చినవి, రెండింతలు నెరవేరినది' అని రాసుకున్నారు. యోబుకి తర్వాత మళ్ళీ పదిమంది పిల్లలు పుట్టారని కూడా ఉందే అని ప్రేమ్‌కుమార్ అనబోయాడు గాని, దీవెనమ్మ తిరిగి చూసిన చూపుకి మిగతాది మింగేశాడు.

ఇక ఒకటే మిగిలింది. యోబు ప్రార్థన చెయ్యాలి. ముగ్గురూ కృపావరం ముందు మోకాళ్ళూనారు. ఆనందపాల్ గారు కాసేపు తెర వెనకే ఉండి, ఇక ఉండలేక, వచ్చి నాలుగోవాడిగా పక్కన వంగారు. అయ్యగారు మైకు తెచ్చి కృపావరం చేతికిచ్చారు.

ఆ మనిషి జన్మలో గుడిలో పైకి ప్రార్థన చేసినవాడు కాదు. ఇంట్లో కూడా పెదవులు కదుపుతాడంతే. మొగుడి మెత్తదనం తెలిసిన దీవెనమ్మ, క్షమించమని నాలుగు మంచి మాటలు చెప్పి ఊరుకుంటాడేమోనని వాకిట్లోంచే పళ్ళు బిగపట్టి చూస్తోంది. కృపావరం కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా" అన్నాడు. "ఈ ముగ్గురూ మా ఇంటికొచ్చి ఏడు రోజులు నా పక్కన ఏం మాట్లాడకుండా కూచున్నారు. నీళ్ళు మోశారు. వాకిలి ఊడ్చారు. నా పెళ్ళాం ఏడిస్తే వాళ్ళూ ఏడ్చారు. ఆ ఏడు రోజులూ నాకెంతో ధైర్యంగా ఉంది. ఎనిమిదో రోజు మాట్లాడారు. నేను దొంగనేమో అనిపించింది. వాళ్ళని మళ్ళీ ఆ ఏడు రోజుల్లోకే తీసుకుపో నాయనా. ఆమెన్."

అందరికంటే ముందు ఆమెన్ అన్నది కాంపౌండరు దేవవరం. తర్వాత సంఘమంతా అంది. అంతేనా, నోరు పడిపోయిన జెకర్యా పాత్రధారి పాటల మాస్టారు కూడా గట్టిగా అన్నాడు. దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అయ్యగారు ఎవరి ఫారమూ అడగకుండా రొట్టె విరిచారు. మొదటి ముక్క కృపావరానికిచ్చారు. వాకిట్లో పలుపు పట్టుకుని నిలబడ్డ దీవెనమ్మ దగ్గరికి తనే దిగివెళ్ళి ఇచ్చారు. బల్ల ముందు స్నేహితులు ముగ్గురూ, అధ్యక్షులూ వరసగా మోకాళ్ళ మీద ఉండి చేతులు చాచారు. నలుగురూ తీసుకున్నారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.